పేరు తెలియని పాత ఫొటోలు: ముఖం చివర, మిగతావన్నీ ముందు

మా మామ్మ పోయిన ఏడాదికి, రాజోలు దగ్గర పాత ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీది ట్రంకు పెట్టె దించాం. పైన రెండు పట్టుచీరలు, ఇత్తడి కుంకుమ భరిణె, దారంతో కట్టిన దస్తావేజులు. అడుగున పాత పంచె ముక్కలో మూటకట్టిన ఫొటోలు, నూటపన్నెండు. అందులో సగానికి కొంచెం ఎక్కువమందిని పోల్చుకున్నాం. మిగతావాళ్లు ఎవరో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. కోటూ తలపాగాతో కుర్చీలో కూర్చున్న ఒకాయన. బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డ ఒకావిడ, ఆవిడ అట్ట మీద రంగూన్ స్టూడియో ముద్ర. మనకి వీపు పెట్టి పూలజడ చూపిస్తూ, ఎదురుగా ఉన్న అద్దంలోంచి మనవంకే చూస్తున్న మూడేళ్ల పిల్ల.

ఆ పిల్ల ఫొటో ఎంతసేపటికీ కిందపెట్టబుద్ధి కాలేదు. ఎవరో పొద్దున్నే లేచి పూలు తెప్పించి, జడ కుట్టి, పట్టుపరికిణీ కట్టి, పడవెక్కో బండి కట్టించుకునో స్టూడియోకి తీసుకెళ్లి, డబ్బిచ్చి తీయించిన ఫొటో అది. అంత మురిపెంగా చూసుకున్న బిడ్డ పేరు మూడు తరాలు తిరక్కుండానే పోయింది. తెలిసినవాళ్ల ఫొటో చూస్తే మనకి మనిషి గుర్తొస్తారు, ఫొటో పెద్దగా కనపడదు. తెలియనివాళ్ల ఫొటోలోనే గుండీలు, గోళ్లు, తెర మీది చిరుగు, చెప్పుల్లేని కాళ్లు అన్నీ కనపడతాయి. ఆచూకీ దొరికేది కూడా అక్కడే. "ఈ ముఖం ఎవరిది" అన్న ప్రశ్నతో మొదలుపెడితే నూటికి తొంభైసార్లు మొదటిరోజే ఆగిపోతాం. నేను ఆగిపోయాను. ముఖాన్ని చివరికి వదిలేసి మిగతావన్నీ ముందు అడగడం నేర్చుకున్నాక ఒక్కొక్కటే విడివడ్డాయి. ఆ వరస మీకు చెప్తాను.

మొదటి పని: విడదీయకండి

మూట విప్పగానే అందరూ చేసే పని ఫొటోలు నేలమీద పరిచి "ఇవి మనవాళ్లవి, ఇవి ఎవరివో" అని రెండు కుప్పలు చెయ్యడం. అది చెయ్యకండి. పెట్టెలో ఏది దేని కింద ఉంది, ఏ కవరులో ఏవి కలిసి ఉన్నాయి, ఏ ఫొటో ఏ దస్తావేజు మడతలో ఉంది అన్నది కూడా సాక్ష్యమే. ఒకే కవరులో ఉన్న నలుగురూ సాధారణంగా ఒకే ఇంటివాళ్లో, ఒకే పెళ్లికి వచ్చినవాళ్లో అయి ఉంటారు. పెట్టె తెరిచినప్పటి నుంచి పొర పొరకీ ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాత ఒక్కో ఫొటోని ఒక్కో కాగితం కవరులో పెట్టి, కవరు మీద ముందే పెన్సిలుతో నంబరు వేయండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి. నొక్కుడు ముందువైపుకి తేలుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుతుంది.

చేతులు కడిగి, పొడిగా తుడుచుకుని, అంచులు పట్టుకోండి. నీడలున్నచోట వెండి పూసినట్టు మెరుస్తుంటే గుడ్డతో రుద్దకండి. ఫొటోలో ఉన్న వెండే తేమకి పైకి తేలి అలా మెరుస్తుంది, రుద్దితే బొమ్మ కూడా పోతుంది. మన డెల్టా గాలిలో ఏడాదిలో ఎక్కువ నెలలు తేమే కాబట్టి పాత ఫొటోల్లో ఇది బాగా కనిపిస్తుంది.

ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫొటోని లాగొద్దు. అద్దంతో సహా కిటికీ వెలుగులో, కొంచెం పక్కనుంచి ఫోన్‌తో తీసుకుని అలాగే వదిలేయండి. లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి. మా తాతగారి పెళ్లి ఫొటో ఒకటి పట్నంలో ఒక షాపులో ఇస్తే, పాడవకుండా ఉంటుందని వేడి లామినేషన్ చేసి ఇచ్చారు. రెండేళ్లకి లోపల బుడగలు లేచాయి. ఇప్పుడు ఆ ప్లాస్టిక్ తీద్దామంటే ముఖాలు దాంతోపాటే వస్తాయి.

నెగెటివులు ఉంటే వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తుంటే ఆ ఫిల్ము చెడిపోవడం మొదలైందని, దాని నకలు ముందు తీయాలని అర్థం. 1950కి ముందరి ఫిల్ముల్లో కొన్ని చాలా తేలిగ్గా నిప్పంటుకునే రకం, వాటిని దీపం, పొయ్యి, ఎండ దరిదాపులకి తేవద్దు.

ఇంట్లోకి వరద నీళ్లొచ్చి ఫొటోలు తడిస్తే ఏం చేయాలన్నది గోదావరి పక్కన ఉండే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. ఒకదాని మీద ఒకటి అలాగే ఆరనిస్తే రాయిలా గట్టిపడి ఇక విడిరావు. శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి, నీళ్లలోనే మెల్లగా విడదీసి, బొమ్మ పైకి వచ్చేలా పొడి గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. రెండు రోజుల్లోపు అవ్వాలి ఈ పని. అంత తీరిక లేకపోతే ప్లాస్టిక్ కవరులో పెట్టి ఫ్రీజరులో పెట్టేయండి, తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

రెండో పని: నకలు

ఇక్కడ ఎక్కువ చెప్పేదేం లేదు. స్కానర్ ఉంటే మామూలు సైజు ఫొటోకి 600 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), అగ్గిపెట్టెంత ఫొటోకి 1200. ఫోన్ అయితే ఫ్లాష్ ఆపి, మధ్యాహ్నం వసారాలో, ఎండ నేరుగా పడనిచోట తీయండి. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, అట్ట అంచులతో సహా. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇక మీదట చూసేదీ చూపించేదీ అంతా నకలుతోనే.

మూడో పని: వెనక్కి తిప్పండి

నా లెక్కలో ఫొటోకి అసలు ముఖం వెనకవైపే. అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది చాలాసార్లు. గది చీకటి చేసి, టార్చి లైటుని కాగితానికి పక్కగా, దాదాపు ఆనించి పట్టుకోండి. చెరిగిపోయిన పెన్సిలు రాత కూడా గీతలుగా లేచి కనపడుతుంది.

స్టూడియో ముద్ర ఉంటే ఊరి పేరు ఎలా రాశారో చూడండి. కాకినాడ బదులు "కొకనాడ", ఏలూరు బదులు "ఎల్లూరు" అన్న ఇంగ్లీషు పలుకుబడి ఉంటే అది తెల్లవాళ్ల కాలం వాడుక. "గోదావరి జిల్లా" అని ఊరికే ఉండి, తూర్పు పశ్చిమ అని లేకపోతే 1925కి ముందు ముద్ర అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది ఆ ఏడాదే. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. మద్రాసు ముద్ర చూసి కంగారుపడనక్కర్లేదు. 1953 దాకా మనకి రాజధాని మద్రాసే. చదువుకి, కోర్టు పనికి, వైద్యానికి వెళ్లినవాళ్లు అక్కడ ఒక ఫొటో తీయించుకుని వచ్చేవాళ్లు. యానాంలో తీసిన ఫొటోలో దుకాణాల బోర్డుల మీద ఫ్రెంచి అక్షరాలు కనపడితే, ఆ ఊరు ఫ్రెంచివాళ్ల చేతిలోంచి వచ్చింది 1954లో అని గుర్తుపెట్టుకుని వెనక్కి లెక్కవేయండి.

రంగూన్ ముద్ర అంటే వేరే కథ. కోరంగి రేవు నుంచి, కాకినాడ నుంచి మన జిల్లాల వాళ్లు వేలమంది బర్మా వెళ్లారు. అక్కడ తెలుగువాళ్లందరినీ "కోరంగీలు" అనేవాళ్లంటే ఎంతమంది వెళ్లుంటారో చూడండి. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక చాలామంది అడవుల వెంట నడిచి తిరిగొచ్చారు, కొందరు దారిలోనే పోయారు. ఆ ముద్ర ఉన్న స్టూడియో ఫొటో యుద్ధానికి ముందుది అయి ఉండొచ్చు. అలాంటిది దొరికితే "ఇంట్లో బర్మా వెళ్లినవాళ్లు ఎవరు" అని అడగండి, "ఈ ఫొటో ఎవరిది" అని కాదు.

మూలన పెన్సిలుతో వేసిన చిన్న అంకె ఉంటుంది. అది చాలాసార్లు స్టూడియోవాళ్ల నెగెటివు నంబరు. రెండు ఫొటోల మీద 412, 413 అని పక్కపక్క అంకెలున్నాయంటే ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరు కూర్చుని ఉండొచ్చు. ఒకరు తెలిస్తే రెండోవారిని వెతకడం తేలికవుతుంది. ఆ స్టూడియో ఇంకా ఉంటే, మనవలు నడుపుతున్నా సరే, వెళ్లి రిజిస్టరు ఉందేమో అడగండి.

ఇక తెలుగు సంవత్సరం. మనవాళ్లు తారీఖు రాయకపోయినా తిథి రాసేవాళ్లు. నా పూలజడ పిల్ల వెనక టార్చి పెట్టి చూస్తే "వికారి మాఘ శు ద" అని తేలింది. అంటే వికారి నామ సంవత్సరం, మాఘ శుద్ధ దశమి. లెక్క ఇలా వేయాలి: అరవై సంవత్సరాల వరసలో ఆ పేరు ఎన్నోదో పంచాంగంలో చూసి, దానికి 1926 కలపండి. వికారి ముప్పైమూడోది, కాబట్టి 1959. కానీ ఆ సంవత్సరం ఉగాదికి మొదలై మళ్లీ ఉగాదికి అయిపోతుంది. పుష్యం చివర, మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఇంగ్లీషు లెక్కలో కొత్త ఏడాదిలోకి వెళ్లిపోతాం. అందుకని వికారి మాఘం అంటే 1960 ఫిబ్రవరి. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి 1900 కూడా కావచ్చు కదా అన్న అనుమానం రావాలి. దాన్ని తీర్చేది ఫొటో కాగితం, దాని సంగతి తర్వాత చెప్తాను. దస్తావేజుల్లో ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) అని ఉంటే దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41.

నాలుగో పని: కాగితం వయసు

గోధుమరంగు తిరిగి, కాగితం ఉల్లిపొరలా పల్చగా ఉండి, దళసరి అట్టకి అంటించి ఉంటే అది గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసిన అచ్చు కావచ్చు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఎక్కువగా ఇదే వాడారు. తర్వాత వచ్చిన నలుపు తెలుపు ఫొటోల్లో చాలావరకు జెలటిన్ పూసినవి. కత్తెర నమిలినట్టు అంచులు వంకరటింకరగా ఉంటే 1930ల నుంచి 1960ల లోపు అనుకోండి. అరచేతిలో పట్టేంత చదరపు ఫొటో, రెండంగుళాలు, రెండున్నర అంగుళాలు, ఆరుబయట తీసింది అయితే ఆగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరా పనై ఉండొచ్చు. ఒక రీలుకి పన్నెండు ఫొటోలు వచ్చేవి, 1960ల్లో, 70ల్లో మన దేశంలో చాలా ఇళ్లలో ఉండేది. కాగితం వెనక "ఇందు" అన్న అచ్చు ఉంటే ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సరుకు, ఆ ఫ్యాక్టరీలో ఉత్పత్తి మొదలైంది 1967లో. వేలితో తడిమితే ప్లాస్టిక్ పూతలా నున్నగా తగిలే కాగితం 1970ల నుంచి వచ్చింది. రంగు ఫొటో మొత్తం ఎర్రగా తిరిగిపోయిందంటే నీలం రంగు వెలిసిపోయిందన్నమాట, 70ల, 80ల ఫొటోలకి ఇది మామూలు.

ఇంకో రెండు పరీక్షలు ఇప్పుడే చేసేయండి. భూతద్దంతో చూస్తే ముఖం నిండా సన్నటి చుక్కల వరస కనపడిందా? అయితే అది ఫొటో కాదు, ప్రెస్సులో అచ్చైన బొమ్మ. పత్రికలోంచి కత్తిరించిన నాయకుడో, పద్యనాటకం ఆర్టిస్టో అయి ఉంటాడు. మేం మా వంశంలో పెద్దాయనేమో అనుకున్న ఒక ఫొటో ఇలాగే తేలింది.

రెండోది, ఫొటో తిరగేసి అచ్చువేశారేమో చూడటం. నెగెటివు బోర్లా పెట్టి వేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. పైట కుడి భుజం మీద ఉందా? జంధ్యం కుడి భుజం మీంచి దిగిందా? చొక్కా జేబు కుడివైపుందా? వీటిలో రెండు కలిస్తే నకలుని అద్దంలో చూసినట్టు తిప్పేయండి. ఒకే మనిషి రెండు ఫొటోల్లో వేరేగా కనపడటానికి, చెంప మీది మచ్చ "అటువైపు కదా" అని పెద్దవాళ్లు తికమకపడటానికి ఇది ఒక కారణం.

ఐదో పని: ముఖం తప్ప అన్నీ

నగలతో మొదలుపెట్టండి. మనిషి మారినా నగ ఇంట్లోనే ఉంటుంది. కాసులపేరు, వడ్డాణం, వంకీలు, కంటె, నాను ఇవన్నీ అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి వచ్చినవి. ఒకే కాసులపేరు మూడు ఫొటోల్లో ముగ్గురి మెడలో కనపడితే ఆ ముగ్గురికీ చుట్టరికం ఉండొచ్చు. మెడలో పుస్తెలు, నల్లపూసలు, కాళ్లకి మెట్టెలు, నుదుట బొట్టు ఉన్నాయా లేవా చూడండి. బొట్టు లేకుండా తెల్లచీరతో ఉన్నావిడ ఫొటో అయితే, భర్త పోయిన ఏడాది తెలిస్తే ఫొటో ఆ తర్వాతదని తేలిపోతుంది. ఫ్రేము అద్దం మీదే కుంకుమ బొట్టు మరక ఉంటే ఆ మనిషి పోయాక గోడకెక్కించిన ఫొటో.

మగవాళ్లకి జుట్టు చూడండి. ముడి, పిలక, క్రాపు ఏది ఉందో దాన్నిబట్టి తరం తెలుస్తుంది. ఒకే ఫొటోలో తండ్రికి జుట్టుముడి, కొడుక్కి క్రాపు ఉండటం ఎన్ని ఇళ్లలో చూశానో. జేబులో పెన్ను, చేతికి గడియారం ఫొటో కోసం అరువు తెచ్చినవి కూడా అయి ఉంటాయి కాబట్టి వాటిమీద డబ్బున్నవాళ్లని తేల్చేయకండి.

జాకెట్టు చేతుల అంచుకి, బల్ల మీది గుడ్డకి అల్లిక లేసు ఉందా? పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లకి పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, ఇప్పటికీ చేస్తున్నారు. ఆ పువ్వు అల్లికని నరసాపురం వైపు లేసు చేసే పెద్దావిడకి చూపించండి. ఫొటోలో మనిషిని కాదు, లేసుని. నాకు ఒకావిడ "ఇది మా వీధి పని" అని చెప్పింది, ఇంటిపేరు దాకా అక్కణ్నుంచే వెళ్లగలిగాం.

స్టూడియో తెర కూడా సాక్షే. స్తంభాలు, మెట్లు, కొలను, దూరంగా ఒక మేడ వేసిన ఆ తెరని ఏళ్లతరబడి వాడేవాళ్లు. అదే తెర, అదే పొడుగు స్టూలు మరో ఫొటోలో ఉండి, ఆ ఫొటో తారీఖు తెలిస్తే రెండూ దగ్గరదగ్గర కాలానివే. తెర మీది చిరుగు ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ఏది ముందో కూడా చెప్పొచ్చు.

ఆరుబయట తీసినవైతే వెనకాల వంతెన ఉందేమో చూడండి. రాజమండ్రి దగ్గర పాత హేవలాక్ వంతెన మీద రైళ్లు నడిచింది 1900 నుంచి. దాని పక్కన రోడ్డూ రైలూ ఉన్న వంతెన వచ్చింది 1974లో. విల్లు వంపుల వంతెన 1997లో. ఎన్ని వంతెనలు కనపడుతున్నాయో లెక్కపెడితే చాలు. కోటిపల్లిలో రైలు పక్కన ఫొటో దొరికితే కొంచెం జాగ్రత్తగా దాచండి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన ఆ లైను పట్టాలు యుద్ధం కోసం 1940లో పీకేశారు, మళ్లీ రైలు వచ్చింది 2004లో. మధ్య అరవై ఏళ్లకి పైగా ఆ ఊరికి రైలు లేదు.

ఆరో పని: పెద్దవాళ్లని అడగడం

వీలైనంత త్వరగా చేయాల్సింది ఇదే. వంతెన ఎక్కడికీ పోదు, ఎనభై నాలుగేళ్ల మామ్మకి వచ్చే ఏడాది ఈ పేర్లు గుర్తుండకపోవచ్చు.

ఫోన్ ఇచ్చి "చూడు మామ్మా" అంటే వాళ్ల వేలు తగిలి ఫొటో జరిగిపోతుంది, కంటిచూపు ఆనదు, విసుగొస్తుంది. నకలుని ఏ-ఫోర్ కాగితం మీద పెద్దగా ప్రింటు తీయించండి. గ్రూపు ఫొటో అయితే ఒక్కొక్కరి మీదా నంబరు వేయండి. భోజనాలయి కునుకు తీసి లేచాక, కాఫీ ఇచ్చి, వెలుగున్న చోట కూర్చోబెట్టండి. రికార్డు చేసుకోనా అని అడిగి ఫోన్ పక్కన పెట్టండి.

మొదటి ప్రశ్న "ఈవిడెవరు" అని వద్దు. తెలియదు అన్న జవాబు ఒకసారి వచ్చిందంటే, తర్వాత గుర్తొచ్చినా ఆ మాట దాటి రాలేరు. "ఈ కాసులపేరు ఎక్కడైనా చూశావా?" "ఇలాంటి కుర్చీ ఎవరింట్లో ఉండేది?" "ఈ పంటు పడవ ఏ రేవులోది?" అని అడగండి. వాళ్లని మాట్లాడనివ్వండి. ఇంకో ఇంటి సంగతి, ఏదో గొడవ, ఎవరో ఈదటం రాక మునిగిపోయిన కథ వస్తుంది. ఆపకండి, పేరు ఆ కథలోంచే బయటపడుతుంది.

సంవత్సరం అడిగితే చెప్పలేరు. "పుష్కరాలకి ముందా, తర్వాతా?" అనండి. "ఎనభై ఆరు వరదలప్పటికి ఈ ఇల్లు ఉందా?" "తొంభై ఆరు తుఫానుకి ఈ కొబ్బరిచెట్లు పడిపోయాయా?" మన కోనసీమలో కాలానికి గుర్తులు ఇవే. నీ పెళ్లికి ముందా, పెద్దాడు పుట్టాకా అన్నది వీటన్నిటికంటే గట్టి లెక్క.

ఇద్దరు పెద్దవాళ్లుంటే విడివిడిగా అడగండి. ఒకరు "అదిగో మన సూర్యం" అనగానే రెండోవారికి కూడా సూర్యంలాగే కనపడతాడు. వేరువేరుగా ఇద్దరూ ఒకే పేరు చెబితే అప్పుడు నమ్మొచ్చు.

పూలజడ పిల్ల దొరికిన విధం

నేను ఆ ఫొటోని ఆరేడుగురు బంధువులకి చూపించాను. "ఈ పిల్ల ఎవరు?" అనే అడిగాను అందరినీ. ఇంట్లో పుట్టిన ఆడపిల్లలందరినీ లెక్కవేశారు, ఎవరి వయసూ కుదరలేదు. చిన్నప్పుడే పోయిన పిల్లేమో అన్నారొకరు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తిథి చదవగలిగాక మా తాతగారి చెల్లెలి దగ్గరికి, నరసాపురం వెళ్లాను. ఈసారి ఫొటో బయటికి తీయలేదు. "మామ్మా, మాఘ శుద్ధ దశమికి మనవాళ్లు ఏం చేసేవాళ్లు?" అన్నాను.

"ఏం చేస్తారే, అంతర్వేది వెళ్లేవాళ్లం. ఆ రాత్రి స్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి, రథం. పుట్టువెంట్రుకలు కూడా అక్కడే ఇచ్చేవాళ్లు."

అప్పుడు ఫొటో చేతికిచ్చాను. అద్దాలు సర్దుకుని ఒక్క చూపు చూసింది.

"పిల్లెక్కడిదే! వీడు మీ పెదనాన్న కాదూ? జుట్టు తీయించేస్తున్నారని మా వదిన ఏడ్చి గోలచేసి, పొద్దున్నే పూలజడ వేయించి ఫొటో తీయించింది. ఆ పరికిణీ నాదే, చిన్నప్పటిది."

పెదనాన్న పుట్టింది 1957లో. మూడో ఏట పుట్టువెంట్రుకలు. 1960 ఫిబ్రవరి సరిగ్గా కుదిరింది. ఆయన పోయి పదేళ్లయింది, ఆయన చిన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదని మా అన్నయ్యలు ఎప్పుడూ అనుకునేవాళ్లు. అందుకే చెప్తున్నాను, మీ పెట్టెలో పేరు లేని ఆడపిల్ల ఉంటే ఇంట్లో మగపిల్లల వయసులు కూడా లెక్కవేయండి.

ఏడో పని: యాప్‌లతో జాగ్రత్త

మసక ఫొటోని ఏఐ యాప్‌లో వేస్తే కళ్లు, రెప్పలు, పళ్లు అన్నీ తేటగా వస్తాయి. ఆ కళ్లు ఆ మనిషివి కావు. కాగితం మీద లేని వివరాన్ని యంత్రం ఊహించి గీస్తుంది. అలా శుభ్రం చేసిన ముఖాన్ని పెద్దవాళ్లకి చూపిస్తే తెలిసిన మనిషిని కూడా పోల్చుకోలేరు, లేదా ఇంకెవరో అనుకుంటారు. రంగులు వేయడం కూడా అంతే, నల్లచీర అనుకున్నది ఎర్రచీర అయి ఉండొచ్చు. గోడకి పెట్టుకోవడానికి వేరే చేయించుకోండి, ఆచూకీకి మాత్రం మచ్చలతో ఉన్న అసలు నకలే వాడండి. రెండు ముఖాలు ఒకటేనా అని చెప్పే యాప్‌లు అన్నదమ్ముల్ని, తల్లీకూతుళ్లని కలిపేస్తాయి. ఒకే ఇంటి ఫొటోల్లో అవి చెప్పింది ఆధారం కాదు.

బంధువుల గ్రూపులో పెట్టేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. విడిపోయిన మొదటి పెళ్లి, ఇంట్లోంచి వెళ్లిపోయిన మనిషి, దత్తత, ఇవన్నీ ఫొటోల్లో ఉంటాయి. బతికున్నవాళ్లకి సంబంధించినదైతే ముందు వాళ్లకి విడిగా చూపించి అడిగాకే నలుగురికీ పంపండి.

ఎనిమిదో పని: రాసి దాచడం

కవరు మీద పేరొక్కటే రాస్తే చాలదు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు నమ్ముతున్నారు అన్నది కూడా రాయండి. "పెదనాన్న, మూడో ఏడు, అంతర్వేది. నరసాపురం మామ్మ చెప్పింది. వెనక తిథి సరిపోయింది." ఇలా. ఊహ అయితే "కావచ్చు" అని స్పష్టంగా రాయండి. తప్పు పేరు ఒకసారి ఎక్కితే తర్వాతి తరం దాన్నే నిజం అనుకుంటుంది, ఇక ఎవరూ వెతకరు. పేరు లేని ఫొటోకి ఇంకా అవకాశం మిగిలుంటుంది.

కవర్లని నిలబెట్టి ఒక అట్టపెట్టెలో పెట్టి, నేల మీద కాకుండా, పైకప్పు కింద వేడిలో కాకుండా, గాలి ఆడే గదిలో గోడకి తగలకుండా బీరువాలో ఉంచండి. కలరా ఉండలు ఫొటోలకి తగిలేలా వేయొద్దు. వానాకాలం వెళ్లాక ఒకసారి తెరిచి చెద, బూజు చూసుకోండి. జిగురు పేజీల ఆల్బంలో ఉన్నవాటిని బలవంతంగా లాగకండి. పళ్లమధ్య తీసే సన్నటి దారం ఫొటో కిందనుంచి రంపంలా మెల్లగా ఆడిస్తూ విడదీయండి. రాకపోతే పేజీతో సహా నకలు తీసి వదిలేయండి.

నా దగ్గర ఇప్పటికి ముప్పై ఒక్క కవర్లు పేరు లేకుండా ఉన్నాయి. రంగూన్ ఆవిడ కవరు మీద ఇలా రాశాను: "తెలియదు. రంగూన్ స్టూడియో. మామ్మ పట్టుచీరల పెట్టెలో, ఫొటోల మూటలో అన్నిటికంటే అడుగున దొరికింది. యుద్ధానికి ముందు కావచ్చు. ఎడమచేతి వంకీ మా ముత్తవ్వ పెళ్లి ఫొటోలో ఉన్నదిలాగే ఉంది." ఇంట్లో పెళ్లికీ, పెద్దకర్మకీ ఎక్కడెక్కడి చుట్టాలో వస్తారు, తణుకు నుంచి, యానాం నుంచి, విశాఖ నుంచి. ఆ ముప్పై ఒక్క ప్రింట్లు, ఒక పెన్సిలు చిన్న సంచిలో పెట్టుకుని వెళ్తాను. భోజనాలయ్యాక పెద్దవాళ్లు అరుగు మీద చేరినప్పుడు ముందు వంకీ ఉన్న ఫొటోనే తీస్తాను.